ఆలస్యంగా వచ్చిన గీత

కిందటి వారం మనం వదిలిపెట్టినప్పుడు చిన్నకోడలి చేతిలో కత్తెర ఉంది. అందరూ చూస్తుండగా తన మణికట్టుకున్న ఆకుపచ్చ దారాన్ని తనే పుటుక్కున కత్తిరించుకుంది. కుట్టుమిషన్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి.

ఆ దారం సంగతి కొత్తగా చదివేవాళ్ళకి కాస్త చెప్పాలి. ఆ ఇంట్లో కింద చొక్కాలు కుట్టే పని, పైన కాపురం. కుట్టిన చొక్కాలన్నీ సాయంత్రానికి తనిఖీ బల్ల మీదికి చేరతాయి. చిన్నకోడలు ఒక్కోదాన్నీ కాలరు నుంచి అంచు దాకా చూసి, బాగున్నదాని పై గుండీకి ఆకుపచ్చ దారం ముడి వేస్తుంది. దారం పడిన చొక్కాను ఇక ఎవరూ విప్పి చూడరు. మామగారి కాలం నుంచీ అదే పద్ధతి. ఊరిని జబ్బు చుట్టేసి, పని మూతపడి, మళ్ళీ తెరుచుకున్నాక బావగారు ఎక్కడినుంచో నెత్తురు పరీక్ష పట్టీల పెట్టె ఒకటి తెచ్చారు. వేలి మీద చిన్న పోటు, పట్టీ మీద నెత్తురుచుక్క, దాని మీద మందుచుక్క. ఒక గీత వస్తే పట్టీ పనిచేసినట్టు. రెండో గీత కూడా వస్తే జబ్బు ఎప్పుడో వచ్చి పోయినట్టు, దాన్ని ఎదిరించే యాంటీబాడీలు ఒంట్లో పుట్టినట్టు. రెండు గీతలు వచ్చినవాళ్ళ చేతికి బావగారు ఆకుపచ్చ దారం కట్టించారు. వాళ్ళకి మాస్కు అక్కర్లేదు. లోపలి గదిలో మోచేతులు తగిలేలా కూర్చుని కుట్టుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మేడ మీదికి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చోవచ్చు.

అత్తగారి ఊపిరితిత్తులు ఎప్పటినుంచో అంతంతమాత్రం. ఈ జబ్బు గనక సోకితే ఆవిడ తట్టుకోలేరని డాక్టరు ముందే తేల్చి చెప్పాడు. దాంతో నెలల తరబడి ఆవిడ ఒక్కరే గదిలో ఉండిపోయారు. గుమ్మం బయట కంచం పెట్టి తలుపు తట్టి దిగిపోవడమే కోడళ్ళ సేవ. దారాలు వచ్చాక ఆ తలుపు తెరుచుకుంది.

మరి చిన్నకోడలు కత్తెర ఎందుకు పట్టింది? పెట్టెలో మిగిలిన పట్టీ ఒకటి తీసి తన నెత్తురే మళ్ళీ చూసుకుంది కాబట్టి. ఈసారి పెట్టె మీద చెప్పినట్టు పావుగంట కాగానే చూసింది. ఒకటే గీత. పట్టీని అక్కడే వదిలి అన్నానికి వెళ్ళి వచ్చేసరికి, పిలవని చుట్టంలా రెండో గీత వచ్చి కూర్చుని ఉంది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు బావగారు. మెడలో వేలాడే కొలత టేపును రెండు చేతులతో పట్టుకుని లాగుతున్నారు. కోపం ఆపుకుంటున్నప్పుడు ఆయనకది అలవాటు. "ఒక పట్టీ తేడా వచ్చిందని ఇంత గొడవా? వంద చొక్కాల్లో ఒకటి చెడితే మొత్తం వెనక్కి పంపుతామా?"

"ఒకటి చెడితే పంపం బావగారూ. మిషన్లో సూదే వంకరైతే?"

సూది వంకరైతే ఏం చేయాలో బావగారే ఈమెకు నేర్పారు. ఆ సూదితో కుట్టినదంతా విప్పాలి.

"సూదికేం వంకర వచ్చిందిప్పుడు?"

"ఆ రోజు మనం ఎలా చూశామో గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే అందరి వేళ్ళూ గుచ్చాం. పట్టీలన్నీ ఇస్త్రీ బల్ల మీద వరసగా పేర్చాం. పని ఆగకూడదని మీరు అందర్నీ మిషన్ల మీదికి పంపేశారు. సాయంత్రం చొక్కాలు చూసినట్టే పట్టీల్ని కూడా ఒక్కసారిగా నా బల్ల మీద వేసుకుని చూశాం. చొక్కా పొద్దున చూసినా సాయంత్రం చూసినా అదే చొక్కా. పట్టీ అలా కాదు. టైము దాటిపోయి ఆరిపోతే లేని గీత కూడా పైకి తేలుతుంది. నాది అలా తేలిందే. ఇంకెంతమందివి తేలాయో మనకెవరికీ తెలీదు."

కిటికీ పక్క మిషన్ దగ్గర కాజాల అక్క గుండెల మీద చెయ్యేసుకుంది. గుండీలకి కాజాలు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు, గట్టిగా మాట్లాడటంలోనూ లేరు. "అంటే నాకు జబ్బు రానట్టేనా? వచ్చి తగ్గిపోయిందని, నా ఒళ్ళు ఉక్కని, మా వీధి వీధంతా చెప్పుకున్నాను కదే తల్లీ!"

"చెప్పుకుంటే చెప్పుకున్నావులే. మీ వీధిలో నీ మాట నమ్మేదెవరు?" అన్నాడు చొక్కా మీద ఇస్త్రీ పెట్టె రుద్దుతూనే ఇస్త్రీ బాబాయి.

అందరూ నవ్వారు. బావగారికీ నవ్వు రాబోయి ఆగింది. ఆ నవ్వుతోనే గొడవ సద్దుమణుగుతుందని ఆయన ఆశపడ్డారు గానీ, చిన్నకోడలు కత్తెరను బల్ల మీద పెట్టలేదు.

"దారాలన్నీ తెంపాలి బావగారూ. మాస్కులు మళ్ళీ పెట్టుకోవాలి. లోపలి గదిలో వరసలు దూరం జరపాలి. మేడ మీదికి ఎవరూ వెళ్ళకూడదు. నేనూ, పెద్దక్కా, మీరూ, ఎవరూ."

"నువ్వు డాక్టరువా?"

"కాను. ఇవి తెలిసినవాళ్ళు మన చుట్టాల్లోనే ఉన్నారు కదా. అడగండి."

ఆయన పంతంగా ఫోను తీశారు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే వదిన ఉంది, ఆయన పెదనాన్న కొడుకు భార్య. ఈ పిల్ల నోరు మూయించడానికి ఆమె ఒక్క మాట చాలని ఆయన ధీమా. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టారు.

"ఏం మరిదీ, చొక్కా కొలతల కోసమా?" అంది ల్యాబు వదిన అవతలినుంచి. "నేను నెత్తురు సీసాల మధ్యలో ఉన్నాను. తొందరగా కానీ."

బావగారు జరిగింది చెప్పారు. తనకు అనుకూలంగానే చెప్పారు గానీ ఆమె మధ్యలోనే అందుకుంది.

"పట్టీలు చూసి మనుషులకి ముద్రలు కొట్టావా?"

"ముద్రలు కాదు వదినా, దారాలు కట్టాను."

"ముద్రే నయం. స్నానం చేస్తే పోయేది."

కాజాల అక్క చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"సరే గానీ, అది మోసమా మరి?" అన్నారు బావగారు. "దర్జాగా అమ్ముతున్నారు కదా!"

"మోసమని ఎవరన్నారు? దాని పని దానికుంది. మంచి పట్టీ అయితే, టైముకి చూస్తే, ఊళ్ళో సుమారుగా ఎంతమందికి సోకి పోయిందో లెక్క తెలుస్తుంది. ఆ లెక్క మాకు కావాలి. కానీ ఇదిగో ఈ ఒక్క మనిషి క్షేమం, ముసలావిడ గదిలోకి పంపించెయ్యండి అని అది చెప్పదు. చెప్పలేదు. నువ్వు దాన్ని అడగకూడనిది అడిగావు."

"టైముకి చూసినా చెప్పదా?"

"మీ పేటలో నిజంగా సోకినవాళ్ళు వందకి అయిదుగురే అనుకో. మిగతా తొంభై అయిదుగురిలో ఇంకో అయిదుగురికి పట్టీ ఊరికే గీత చూపించిందనుకో. మొత్తం గీతలెన్ని?"

"పది."

"అందులో నిజమైనవి?"

"సగం!" అన్నాడు ఇస్త్రీ బాబాయి, తన నోటినుంచి వచ్చిన మాటకి తనే బెదిరి. "అమ్మో, సగానికి సగమే!"

"నిజమైన సగానికీ మళ్ళీ సోకదని, వాళ్ళు ఇంకొకరికి అంటించరని నేనైతే రాసివ్వలేను. ఇంకొకటి కూడా విను. గీత రాకపోతే జబ్బు లేనట్టు కాదు. జబ్బు తగిలిన కొత్తలో యాంటీబాడీలు ఇంకా పుట్టవు. వారమో, రెండు వారాలో పడుతుంది. అప్పుడు ఆ పట్టీ ఒక్క గీతతో నీ మొహం చూసి ఊరుకుంటుంది. ఇప్పుడు జబ్బుందా లేదా తెలియాలంటే ముక్కులోంచి తీసి చేసే పరీక్ష వేరే ఉంది. అనుమానమున్నవాళ్ళని నా దగ్గరికి పంపు. అత్తయ్యకి నేనడిగానని చెప్పు." ఫోను కట్టయింది.

బావగారు ఫోను వైపే చూస్తూ నిలబడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు మూసిన గదిలోంచి తల్లి తనలో తాను మాట్లాడుకోవడం విని, పెద్ద మగవాడు మెట్ల మీద కూర్చుని ఏడ్చిన సంగతి చిన్నకోడలికి తెలుసు. ఆ పెట్టె ఆయన పనివాళ్ళ కోసం తెచ్చానని చెప్పారు గానీ నిజానికి తెచ్చింది తల్లి కోసం. అది తెలిసినందువల్లే ఆమెకు ఈ మాటలు గొంతులోంచి పెకలించుకుని తెచ్చినట్టు ఉన్నాయి. దారం కట్టుకున్న మొదటిరోజు తనూ పైకి పరిగెత్తింది. అత్తగారు ఏమీ మాట్లాడలేదు. ఈమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళన్నీ ఉన్నాయో లేదో అన్నట్టు ఒక్కొక్కటే నిమురుతూ చాలాసేపు కూర్చున్నారు. ఆ చేతిని మళ్ళీ దూరం చేయమని ఇప్పుడు తనే అడుగుతోంది.

"ఎవరి దారం తెంపుతావే?"

మెట్ల మీదినుంచి పెద్దకోడలు, బావగారి భార్య. పైనుంచి అప్పుడే దిగినట్టుంది, జుట్టు రేగి ఉంది, మొహం ఉబ్బి ఉంది. ఎంతవరకూ విన్నదో గానీ సగం విన్నా ఆమెకు చాలు. వచ్చి ఇస్త్రీ బల్లకి ఆనుకుని నిలబడింది.

"అందరివీ అక్కా. నాది తెంపేశాను."

"నీది తెంపుకో, నీ ఇష్టం. నువ్వు రోజుకొకసారి పైకొచ్చి పలకరించి పోయేదానివి. నేను అక్కడే ఉంటున్నాను. ఆవిడ జుట్టు చూశావా నువ్వు? అన్నాళ్ళూ దువ్వుకోలేక ఉండలు కట్టేసింది. ఒక్కొక్క చిక్కూ తీయడానికి నాకు ఎన్ని పూటలు పట్టిందో నీకు తెలుసా? మొదటిరోజు నన్ను చూసి 'ఎవరూ?' అంది. నన్ను! కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నా పేరు పెట్టి అరవని రోజు లేదు ఆవిడకి. ఇప్పుడిప్పుడే మళ్ళీ అరుస్తోంది. ఆ తలుపు మళ్ళీ మూస్తావా?"

చిన్నకోడలు తల దించలేదు.

"మూస్తానక్కా. ఆవిడ నీ మీద ఇంకా చాలాకాలం అరవాలని మూస్తాను. కిటికీ అవతలినుంచి మాట్లాడదాం. కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంటాను, రోజంతా కూర్చోమన్నా కూర్చుంటాను. లోపలికి మాత్రం ఎవర్నీ వెళ్ళనివ్వను."

"ఓహో! మరి నా గీత కూడా దొంగ గీతేనని నీకెవరు చెప్పారు? నాది నిజమైందేమో!"

"కావచ్చు. తెలీదు. తెలియకుండా ఆవిడ గదిలోకి పంపలేం."

"అయితే ఇప్పుడే తేల్చు." పెద్దకోడలు చెయ్యి చాపింది. "గుచ్చు. అందరి ముందూ గుచ్చు. నీ గడియారం పెట్టుకునే చూడు. అప్పుడేమంటావో నేనూ చూస్తాను."

"గీత వచ్చినా నా మాట మారదక్కా. వదిన చెప్పింది కదా..."

"గుచ్చవే!"

గుచ్చింది. మాస్కు పెట్టుకుని, తోటికోడలి వేలు గట్టిగా పట్టుకుని, చుక్క పట్టీ మీదికి జారేదాకా ఊపిరి బిగబట్టి. పట్టీని తన తనిఖీ బల్ల మీద పెట్టి, మందుచుక్క వేసి గోడ గడియారం వైపు తిరిగింది. "ఎవరూ దగ్గరికి రాకండి. కిటికీలు తెరవండి. మాస్కులున్నవాళ్ళు పెట్టుకోండి, లేనివాళ్ళు చెంగులు కట్టుకోండి." ఆ గొంతు విని, చాలాకాలంగా మాట వినడం మర్చిపోయిన కాజాల అక్క కూడా లేచి కిటికీ తలుపు తీసింది.

పట్టీ ఒక చివర తడిసింది. ఎరుపు మెల్లగా పాకింది. మొదటి గీత తేలింది. దాని పక్కన తెల్లగా, ఉతికి ఆరేసిన బట్టలా ఖాళీ. ఇస్త్రీ బాబాయి ఉన్నచోటునుంచి కనబడక, చేతిలో పని అక్కడే వదిలేసి మునివేళ్ళ మీద నడిచొచ్చి దూరంనుంచే మెడ చాపాడు. బావగారు టేపును మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడతలు పెట్టారు. పెద్దకోడలు పట్టీని కాదు, తోటికోడలి మొహాన్ని చూస్తోంది.

టైము అయింది. చిన్నకోడలు పట్టీని అందరికీ కనబడేలా ఎత్తింది.

ఒకటే గీత.

ఒక్క క్షణం పెద్దకోడలు ఏడుస్తుందేమో అనిపించింది. కానీ ఆమె ఏడవలేదు, నిట్టూర్చింది. కళ్ళలో వెలుగు కూడా వచ్చింది.

"సరే, ఒప్పుకున్నాను. నువ్వే గెలిచావు. నాకు జబ్బు రాలేదు, ఆ దారం అబద్ధం. మంచిదే కదా! రాని జబ్బుని అత్తయ్యకి నేనెక్కడినుంచి తెచ్చి అంటిస్తాను?"

"అదీ మాట!" అన్నారు బావగారు, మునుగుతున్న మనిషికి ఏదో చేతికి దొరికినట్టు. "విన్నావా అమ్మాయ్? గీత ఉంటే తప్పంటావ్, లేకపోతే ఇంకేం తప్పు?"

"లేకపోతే రెండు అర్థాలు బావగారూ. ఎప్పుడూ రాకపోయి ఉండొచ్చు. లేదంటే..."

ఆ మాట పూర్తి కాలేదు. ముందు కాజాల అక్క ముక్కు ఎగబీల్చింది. తర్వాత బావగారు తల తిప్పారు. మాస్కు లోంచి కూడా ఘాటుగా, గొంతు పట్టేసేలా, కాలుతున్న నూలు వాసన. చిన్నకోడలి కళ్ళు గదంతా వెతికి ఒకచోట ఆగాయి. ఇస్త్రీ బాబాయి వదిలేసి వచ్చిన ఇస్త్రీ పెట్టె తెల్లచొక్కా వీపు మీద బోర్లా పడి ఉంది. దాని చుట్టూ గోధుమరంగు మచ్చ పాకుతోంది. సన్నటి పొగ లేస్తోంది. ఆ బల్లకే ఆనుకుని, ఆ పొగకి జానెడు దూరంలో, పెద్దకోడలు నిలబడి ఉంది.

"ఏంటి, అందరూ నన్నలా చూస్తారేం?" అంది ఆమె.

"మాడిపోతోందిరోయ్!" ఇస్త్రీ బాబాయి ఒక్క అంగలో వచ్చి పెట్టె ఎత్తాడు. కాజాల అక్క మగ్గుతో నీళ్ళు పోసింది. బుస్సుమంది. పెద్దకోడలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, నల్లగా చిల్లుపడ్డ చొక్కాని చూసి నోరు తెరిచింది.

"నా పక్కనే! ఎప్పటినుంచి? ఒక్కరైనా చెప్పొద్దా?"

"అక్కా." చిన్నకోడలు ఆమెవైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. "నీకు వాసన రాలేదా?"

"ఏ వాసన?"

ఈ జబ్బు తగిలితే ముందు ముక్కుకి వాసన తెలియడం పోతుందని అక్కడ అందరికీ తెలుసు. బావగారి చేతిలోంచి టేపు జారి నేల మీద పడింది. ఆ సంగతి ఆయనకి తెలియనే లేదు.

మేడ మీద తలుపు గడియ తీసిన చప్పుడైంది. "కింద ఏదో తగలబడుతోందర్రా! ఇంత వాసన వస్తుంటే ఒక్కరికీ తెలియట్లేదా?" అత్తగారి గొంతు, మధ్యలో దగ్గు. "పొగ పైకొస్తోంది. పెద్దమ్మాయ్! ఎక్కడున్నావే? వచ్చి చెయ్యివ్వు, దిగుతాను."

పెద్దకోడలి ఒంటికి ఆ పిలుపు అలవాటు. ఆలోచించేలోపే ఆమె కాలు మొదటి మెట్టు మీద పడబోయింది. అంతకన్నా ముందే చిన్నకోడలు వెళ్ళి మెట్లకి అడ్డంగా నిలబడింది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మెట్ల రెయిలింగుకి.

"తప్పుకో చెల్లీ. ఆవిడ ఒక్కతే దిగలేదు."

"బావగారూ, అక్కని పెరటి వసారాలోకి తీసుకెళ్ళండి. అక్కకి దూరంగానే ఉండండి, కానీ తీసుకెళ్ళండి. వదినకి ఫోన్ చేయండి, ఇప్పుడే." తల పైకెత్తి అరిచింది. "అత్తయ్యా, దిగకండి! లోపలికెళ్ళి కిటికీ తెరిచి, తలుపు వేసుకోండి. మంట ఆరిపోయింది. పెద్దక్క ఇప్పుడు మీ దగ్గరికి రాకూడదు."

పై మెట్టు మీద అత్తగారి పాదాలు కనిపించాయి. ఆగాయి.

"రాకూడదా? అదేం మాటే?" అన్నారావిడ, విసుగ్గా, ఏమీ తెలియని గొంతుతో. "నిన్న సాయంత్రం నుంచీ ఒళ్ళు నొప్పులంటూ నా పక్కలోనే పడుకుంది కదా!"